బందెలదొడ్డి

మా ఊరి చివర చింతచెట్టు కింద నాపరాళ్ల గోడ ఒకటి నడుమెత్తు మిగిలింది. సాయంత్రాలు కుర్రాళ్లు దాని మీద కూర్చుని సెల్‌ఫోన్లు చూసుకుంటారు. అది ఒకప్పటి బందెలదొడ్డి. పైర్లో పడ్డ గొడ్డునో, చీటీ లేకుండా అడవిలో మేసిన గొడ్డునో పట్టుకొచ్చి అందులోకి తోలేవాళ్లు. జుల్మానా కడితేగానీ వదిలేది లేదు. మా నాయనమ్మకు ఆ గోడంటే గిట్టదు. ఆమె మామగారి పాడావు ఒక రాత్రి లోపల, లేగదూడ ఇంటి దగ్గర. తెల్లవార్లూ రెండూ అరుస్తుంటే ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదట. పొద్దున్నే అత్తగారి కడియాలు తాకట్టుకు వెళ్లాయట.

మా పల్నాడంటే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం. కార్తీకంలో కారెంపూడి వీరుల గుడికి ఇప్పటికీ బళ్లు కట్టుకుని, ఆటోలెక్కి పోతాం. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ యుద్ధం కథ మాకు కంఠతా వచ్చు. నూరేళ్ల కిందటిది అడిగితే మాత్రం తడుముకుంటాం. అదీ యుద్ధమే. కాకపోతే గడ్డి కోసం.

పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. రెండూ కలిస్తే పుల్లరి. సాగర్ కుడికాలువ రాకముందు ఈ నేల మీద జొన్న, కంది, ఆపైన వానదేవుడి దయ. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది గొడ్డే. గొడ్డుకు మేత, పొయ్యికి పుల్ల, నాగలికి కర్ర, అన్నిటికీ నల్లమల అంచునున్న అడవే దిక్కు. 1882 మద్రాసు అటవీ చట్టంతో దానికి హద్దురాళ్లు పడ్డాయి. తాతల నాటి నుంచి తోలుకెళ్తున్న చోటికే తలకింతని కట్టి, చీటీ రాయించుకుని తోలాల్సి వచ్చింది. చీటీ తువ్వాలు కొంగున ముడేసుకోవాలి. అది పోయిందా, గొడ్డు దొడ్లోకే.

ఇంతకీ పరాయి దొర ఏ దేశంవాడైనా ముందు చెయ్యిపెట్టేది ఇలాంటి చిన్న వస్తువుల మీదే. వియత్నాంలో ఫ్రెంచివాళ్లు ఉప్పు, సారా, నల్లమందు తమ గుత్త చేసుకున్నారు. తలపన్ను, వెట్టి వాటికి తోడు. వాటి మీద 1908లో అక్కడి రైతులు వేలమంది కచేరీల ముందుకు నడిచారు. గడ్డి, ఉప్పు లేనిదే పూట గడవదు గనక ఆ రాబడి ఎన్నటికీ తప్పదని దొరల లెక్క.

1921లో బెజవాడ కాంగ్రెసు సభలకు గాంధీ వచ్చి వెళ్లాక ఆ లెక్క ఇక్కడ తప్పింది. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి వైపు ఊళ్లు పుల్లరి కట్టబోమన్నాయి. అటవీ ఉద్యోగులకు చాకలి, మంగలి బందు. పాలు పొయ్యలేదు, మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. అంత పట్టు పట్టడం మంచిదేనా అని నాకు ఇప్పటికీ సందేహమే. కానీ దొడ్లో ఆవు అరుపు విన్నవాళ్లను నేనేం తప్పుపడతాను? సంగతి తెలుసుకుందామని గుంటూరు నుంచి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారిలను పట్టుకుని జైల్లో పెట్టారు. ఉన్నవవారు ఆ జైల్లోనే 'మాలపల్లి' రాశారు. తర్వాత ఆ పుస్తకాన్నీ నిషేధించారు.

దుర్గి దగ్గర కోలగట్లలో పుట్టిన కన్నెగంటి హనుమంతు పేరు అప్పుడే మోగింది. మించాలపాడులో రైతుల్ని కూడగట్టి, పుల్లరి కట్టేది లేదని నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసుస్టేషను తగలబెట్టారు. దాంతో 12న బార్డోలీలో కాంగ్రెసువారు సహాయ నిరాకరణ ఆపేశారు. ఆ తీర్మానమై పది రోజులైనా మించాలపాడు వెనక్కి తగ్గలేదు. ఆ నెలాఖర్లోనే పోలీసులు ఊరి మీదికొచ్చి కాల్పులు జరిపారు. హనుమంతు పడిపోయాడు.

ఒంట్లో ఇరవయ్యారు గుండ్లు దిగాయని, ప్రాణం పోయేదాకా దాహం దాహమన్నాడని, నీళ్ల చెంబుతో వచ్చినవాళ్లను పోలీసులు దగ్గరికి రానివ్వలేదని ఈ పక్క ఊళ్లల్లో చెప్పుకుంటారు. మా నాయనమ్మ కూడా అలాగే చెప్పేది. నీళ్ల మాట దగ్గరికొచ్చేసరికి కథ ఆపేసేది. గొడ్లకు కుడితి పెట్టే వేళయిందని లేచి వెళ్లేది.