కంపెనీ కొలువునకు చదువు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు చెన్నపట్టణమున కోట కట్టి వర్తకము సాగించిన తొలి నూటయేబది సంవత్సరములలో, తమ కొలువునకు వచ్చు కుఱ్ఱవారికి వారు పూని నేర్పిన విద్య యేదియు లేదు. పదునాఱు పదునేడేండ్ల ప్రాయమున రైటరను పేరుతో ఓడ దిగిన పిల్లవాడు గిడ్డంగిలో లెక్కలు వ్రాసి, ఉత్తరములకు నకళ్లు తీసి, పెద్దల వెంట తిరిగి యేమి నేర్చుకొనునో అదియే వాని చదువు. రైటరు ఫ్యాక్టరు కావలెను, ఫ్యాక్టరు జూనియరు మర్చెంటు కావలెను, పిమ్మట సీనియరు మర్చెంటు కావలెను. ఈ సోపానములలో మొదటిదానికి ఒకప్పుడు ఏటికి 5 పౌండ్ల జీతము. ఇంత స్వల్పమునకు సముద్రములు దాటి వచ్చుటకు కారణము, సొంతవ్యాపారము చేసికొనుటకు కంపెనీ యిచ్చిన యనుమతియే. యజమాని యిచ్చు జీతముకంటె యజమాని పేరు చెప్పుకొని గడించుకొను నవకాశమే ముఖ్యమైనచోట స్వామిభక్తి యెంతమాత్ర ముండునో చెప్పనక్కఱలేదు.

క్రొత్తగా వచ్చిన దొరకు భాష రాదు, చేత పైకము లేదు. ఆ రెండు కొఱతలను తీర్చువాడు దుబాషీ. ఇల్లు కుదుర్చుట, నౌకర్లను పెట్టుట, అప్పిచ్చుట, ఆ యప్పు తీఱకమునుపే మఱియొక యప్పిచ్చుట వాని పని. కొన్నియేండ్లు గడచునప్పటికి దొరకు జీతమిచ్చునది కంపెనీయు, దొరచేత పని చేయించునది దుబాషీయు నగుట అరుదు కాకుండెను. గవర్నరు జనరలు కారన్‌వాలిసు కాలమున జీతములు హెచ్చించి, శిస్తు వసూలు చేయు నుద్యోగులకు వర్తకము నిషేధించిరి గాని, జీతము హెచ్చినంతమాత్రమున భాష రాదు. అంతలో 1799లో శ్రీరంగపట్టణము కూలినది. 1800లో దత్తమండలములు చేతికి వచ్చినవి. మఱుసటి సంవత్సరము కర్ణాటక నవాబు రాజ్యము కంపెనీ వశమైనది. బట్టల బేరము చేయుటకు వచ్చినవారు శిస్తు నిర్ణయించు జమాబందీ చేయవలసినవారైరి.

ఈ మార్పును స్పష్టముగా గ్రహించి, దానికి తగిన శిక్షణము కావలెనని పట్టుపట్టినవాడు గవర్నరు జనరలు వెల్లెస్లీ. 1800లో కలకత్తాలో ఆతడు స్థాపించిన ఫోర్టు విలియము కళాశాలలో మూడు రాజధానులకును (ప్రెసిడెన్సీలకును) వచ్చు క్రొత్త యుద్యోగులందఱు మూడేండ్లు చదువవలెనని యాతని సంకల్పము. రైటరు, ఫ్యాక్టరు, మర్చెంటు అను బిరుదములు ఇక నీ యుద్యోగులకు తగవనియు, వీరు వర్తకసంఘపు గుమాస్తాలు కారు, ఒక మహారాజ్యమునకు న్యాయాధిపతులును పాలకులును అనియు నాతడు వ్రాసెను. లండనులోని కంపెనీ డైరెక్టర్లకు ఈ మాటయే గిట్టలేదు. తమ యనుమతి లేక అంత వ్యయమునకు పూనుకొనుట యొక కోపకారణము. అంతకంటె లోతైన భయమొకటి వారికుండెనని నా తలంపు. ఉద్యోగమిచ్చువారు తాము; ఆ యుద్యోగి మనస్సు రూపుదిద్దుకొనునది గవర్నరు జనరలు చేతిలో. రేపు ఆ యువకుడు ఎవరివాడగును? 1802లో కళాశాలను మూసివేయుమని యుత్తరువు వచ్చినది. పిమ్మట వంగరాజధానికి భాషలు నేర్పు బడిగా మాత్రము అది మిగిలినది.

కాని శిక్షణము కావలె నన్న వాదమును వారు త్రోసిపుచ్చలేకపోయిరి. తాము చూచుచుండగా తమ దేశముననే నేర్పింత మని 1806లో ఈస్టిండియా కాలేజీని హెర్టుఫర్డులో నెలకొల్పి, 1809లో సమీపమందలి హేలిబరీకి మార్చిరి. జనసంఖ్యను గూర్చి వ్రాసి లోకప్రసిద్ధుడైన మాల్థసు అచ్చట చరిత్రము, అర్థశాస్త్రము బోధించుచు 1834లో మరణించువఱకు నుండెను. పిల్లలు ఆయనను ‘పాప్’ అని పిలుచుచుండెడివారట. 1813 నాటి చార్టరు చట్టము, అక్కడ నాలుగు టరములు చదువనివాడు రైటరు కాజాలడని శాసించినది. ఇంతచేసినను కాలేజీలో అల్లరి మానలేదు. గురువులపై తిరుగుబాట్లు పలుమాఱు జరిగి, కాలేజీ యక్కఱలేదను మాట కంపెనీ వాటాదారుల సభలలో లేచినప్పుడు, 1817లో మాల్థసు దానిని సమర్థించుచు నొక పుస్తకము ప్రకటించెను. అందలి వాదము నేటికిని చదువదగినది. విద్యార్థి డైరెక్టరు సిఫారసున వచ్చినవాడు. తప్పుచేసి బహిష్కృతుడైనను తన్ను పంపిన పెద్దమనిషి మరల చేర్పించునను ధైర్యము వానికి గలదు. శిక్షించు నధికారము సంపూర్ణముగా గురువుల కీయక, అవిధేయతకు గురువులను తప్పుపట్టుట న్యాయము కాదని ఆయన తాత్పర్యము. ప్రాపకముచేత ఉద్యోగమిచ్చిన యజమానియే శిక్షణమును నిర్వీర్యము చేయుచున్నాడని ఆ యజమాని జీతము తినుచునే చెప్పుటకు కొంత గుండెదిటవు కావలెను.

హేలిబరీలో భాషలంతగా రాలేదు. వచ్చినది మఱియొకటి. ఒకే బల్లకడ భుజించి, ఒకే గురువును ఎగతాళిచేసి, ఒకే నౌకలో ప్రయాణముచేసి వచ్చిన యువకులు, కడపలో ఒకడును కటకములో ఒకడును ఉన్నను, తామొక కులమువారమను భావము పోగొట్టుకొనలేదు. లండనులోని డైరెక్టరు వారికి దూరపు దాత. తోడి సివిలియను చేరువ బంధువు. సేవకులను తమవారినిగా చేసికొనుటకు కంపెనీ పెట్టిన బడి, వారిని ఒకరికొకరిని దగ్గఱ చేసి, కంపెనీకి కొంత దూరము చేసినది.

చెన్నపట్టణమున జరిగినది వేఱు. 1812లో అచ్చట వెలసిన ఫోర్టు సెంటు జార్జి కళాశాలకు ఆయువుపట్టు ఫ్రాన్సిసు వైట్ ఎల్లిసు అను సివిలియను. దుబాషీ చేతినుండి దొరను విడిపించుటకు భాషయే సాధనమనియు, భాష నేర్పువానికి ముందు వ్యాకరణము చక్కగా రావలెననియు తలచి, ఆతడు ఇంగ్లీషు యువకులతోపాటు దేశీయులకును అచ్చట బోధ యేర్పఱచెను. న్యాయస్థానములలో పనిచేయగోరు వకీళ్లును ధర్మశాస్త్ర పండితులును అక్కడ తయారైరి. వేదము పట్టాభిరామశాస్త్రి సంస్కృతాంధ్రములకు ప్రధానోపాధ్యాయుడు. కళాశాల నిర్వాహకసభకు కార్యదర్శియైన క్యాంబెలు 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటింపగా, దాని యుపోద్ఘాతమునకు ఎల్లిసు వ్రాసిన వ్యాఖ్యయందు, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేఱొక కుటుంబమునకు చెందినదనియు నిరూపించెను. ద్రావిడభాషలను గూర్చిన కాల్డ్వెలు గ్రంథము వెలువడినది 1856లో. నలువది యేండ్లు ముందుగా ఇంతటి శాస్త్రవిషయము, కొలువులోని కుఱ్ఱవాండ్రకు పాఠము చెప్పుటకై వ్రాసిన పుస్తకములో పుట్టుట వింత గానే యున్నది.

పరీక్షలకు కావలసిన చదువు మాత్రము కచేరి చదువు. మారిసు అను సివిలియను 1823లో కూర్చిన తెలుగు పాఠ్యగ్రంథము చివర ఉత్తర సర్కారులలో వాడుకలోనున్న రెవిన్యూ పదముల పట్టిక గలదు. అర్జీ విన్నంతనే యర్థము చేసికొనగల కలెక్టరును సిరస్తాదారు మోసగించుట కష్టము. సర్కారువా రాశించినది ఇదియే. కాని పాఠమునకు వచనము కావలెను. ప్రబంధములు చదివి రైతుతో మాటాడుట సాధ్యమా? రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను, 1834లో పంచతంత్రమును వచనముగా వ్రాయుటకు ఈ యక్కఱయే ప్రేరకము. మన వచనమునకు పోషకుడు రాజు గాక, పరీక్ష తప్పునేమోనని భయపడుచున్న యొక పరదేశపు ఉద్యోగి యగుట నాకు సరదాగా తోచును.

ఈ పద్ధతి యొకనిని యెంతదూరము కొనిపోవునో చూపుటకు చార్లెసు ఫిలిప్పు బ్రౌను చరిత్ర చాలును. ఆతని తండ్రి డేవిడు బ్రౌను కలకత్తా ఫోర్టు విలియము కళాశాలకు ప్రొవోస్టు. కొడుకు హేలిబరీలో చదివి 1817లో చెన్నపట్టణమున దిగి, వెలగపూడి కోదండరామపంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్ష నెగ్గి కడపకు పోయెను. నేర్చినది కచేరికి చాలినంత, ఆతనికి చాలలేదు. సొంత ధనముతో పండితులను పోషించి, వ్రాతప్రతులు సేకరించి, పాఠములు పరిష్కరింపజేసెను. ఛందస్సుపై ఆతని గ్రంథము 1827లోను, వేమన పద్యములు 1829లోను కళాశాల ముద్రణాలయముననే వెలువడినవి. అట్టివానిని 1834లో సర్కారు కొలువునుండి తొలగించిరి. లండనునకు పోయి ఆతడు చేసినదేమి? తన్ను తొలగించిన కంపెనీ గ్రంథాలయములోనే కూర్చుండి, అక్కడి దక్షిణదేశపు వ్రాతప్రతులకు పట్టిక వ్రాసెను! 1838లో పారసీక భాషాంతరీకర్తగా మరల కొలువునకు వచ్చెను. ఆతని తెలుగు నిఘంటువు 1852లో అచ్చుపడెను. శిక్షణము ఆతనికి యజమానియందు గాక, నేర్చిన విషయమునందు భక్తి కల్పించినది. యజమానికి దీని విలువ తెలిసినట్లు కనబడదు.

ఇక బోధించినవారి మాట. యువకుడు కూర్చుండి నేర్చుకొనినంతకాలము పండితుడు గురువే. పరీక్ష యైన మఱునాటినుండి వీరు దొరయు నౌకరును. జమీందారుల వార్షికములపై బ్రతికిన పండితకుటుంబములకు నెలజీతము దొరకుట మేలే యైనను, తాము పలుకు దిద్ది పంపిన పిల్లవాడు జిల్లాకధిపతి యగుచుండగా, తమకుగాని తమ కొడుకులకుగాని సివిలియనులు కొలువున చేరునప్పుడు కంపెనీకి వ్రాసియిచ్చు నిబంధనపత్రముపై చేవ్రాలు చేయు యోగ్యత లేకపోయెను.

1854లో కలకత్తా చెన్నపట్టణములలోని రెండు కళాశాలలును ఎత్తివేయబడినవి. 1855లో లండనులో పోటీపరీక్ష మొదలై డైరెక్టర్ల ప్రాపకము పోయినది. 1858లో హేలిబరీయు, దానిని పోషించిన కంపెనీ ప్రభుత్వమును ఒకే సంవత్సరమున ముగిసినవి. సివిలియనులు మాత్రము తమ కచేరీలలోనే యుండిరి. జీతపు పట్టీమీద యజమాని పేరు మాఱినది. ఆ కొలువులోనికి పోటీపరీక్షద్వారా తొలి భారతీయుడు, సత్యేంద్రనాథ ఠాకూరు, ఎంపికైనది 1863లో.