వీశె నుంచి కిలో దాకా: కొనుగోలుదారు రక్షణకు తూకమే తొలిమెట్టు

తెలుగు నేల మీద సరుకు అమ్మకం చాలాకాలం రెండు తీరుల సాగింది. ధాన్యం, పాలు, నూనె పాత్రతో కొలిచేవారు. బెల్లం, చింతపండు, పత్తి వంటివి తక్కెడలో తూచేవారు. కొలతకు గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో 3 తులాలు పలం, 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె, 8 వీశెలు మణుగు.

పేరు ఒకటే అయినా బరువు అన్నిచోట్లా ఒకటి కాదు. మద్రాసు సేరు 24 తులాలు, అంటే సుమారు 280 గ్రాములు. ఉత్తర భారతంలో వాడిన సేరు 80 తులాలు, దాదాపు 933 గ్రాములు. మద్రాసు మణుగు 11 కిలోలకు కాస్త ఎక్కువ. బెంగాల్ మణుగు 37 కిలోలు దాటేది. మానికను కుప్పగా పోయడానికీ, అంచుకు చదును చేసి పోయడానికీ ఎంతో తేడా. ఆ తేడాలో నష్టపోయేది ఎక్కువగా చిన్న మొత్తాల్లో కొనే పేదలు, కొలత వర్తకుడిదైనప్పుడు పంట అమ్ముకునే రైతులు.

ఈ మోసాన్ని అరికట్టడం పాలకుల బాధ్యత అన్న ఆలోచన పాతదే. కౌటిల్యుని అర్థశాస్త్రం తూనికలు, కొలతల కోసం పౌతవాధ్యక్షుడనే అధికారిని చెప్పింది. తూకపు రాళ్లు ఇనుముతో గానీ, మగధ, మేకల ప్రాంతాల రాతితో గానీ చేయాలని, నాలుగు నెలలకోసారి ముద్ర వేయించాలని విధించింది. తడిసినా ఎండినా బరువు మారని పదార్థమే ఉండాలన్నది అందులోని నియమం.

బ్రిటిష్ పాలనలో 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు. 1939లో తూనికల ప్రమాణాల చట్టం వచ్చినా ఊరికో లెక్క పోలేదు. అసలు మార్పు తెచ్చింది 1956 చట్టం. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ విధానం దశలవారీగా మొదలై, 1962 నాటికి సంతల్లో కిలో, లీటరు తప్పనిసరి అయ్యాయి. దేశపు ప్రామాణిక కిలోగ్రాము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. అంచెలంచెలుగా దానితో సరిచూసిన బరువులే చివరికి అంగడి కాటా దాకా వస్తాయి.

ఇనుప తూకపు రాయిని తిరగేసి చూస్తే చిన్న గుంట, అందులో సీసం కనిపిస్తాయి. తనిఖీ చేసిన అధికారి ముద్ర ఆ సీసం మీదే పడుతుంది. ఏ ఏడాది, ఏ త్రైమాసికంలో సరిచూశారో అందులో తెలుస్తుంది. రాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి మళ్లీ ముద్ర వేయించాలి.

విడి సరుకు పొట్లాల్లోకి మారాక కళ్లెదుట తూచే అవకాశం తగ్గింది. అందుకే 1977 నాటి నిబంధనలు నికర పరిమాణం, తయారీదారు పేరు, చిరునామా, ప్యాకింగు నెల, ధర పొట్లం మీద ముద్రించాలన్నాయి. 1990లో పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధర వచ్చింది.

అయితే తూనికల చట్టం వర్తకుడిని శిక్షించేదే తప్ప కొన్నవారి నష్టం పూడ్చేది కాదు. జరిమానా సర్కారు ఖజానాకే చేరేది. ఆ లోటు తీర్చింది 1986 డిసెంబరు 24న ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం. ఆ తేదీనే జాతీయ వినియోగదారుల దినంగా జరుపుతున్నారు. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో ఫోరాలు ఏర్పడి, మోసపోయిన మనిషే నేరుగా పరిహారం అడిగే దారి తెరిచాయి.

తూనికల చట్టం స్థానంలో 2009లో లీగల్ మెట్రాలజీ చట్టాన్ని చేశారు. అది 2011 ఏప్రిల్‌లో అమలైంది. వినియోగదారుల కొత్త చట్టం 2019లో ఆమోదం పొంది 2020 జులై నుంచి అమల్లో ఉంది. దీని కింద కొనుగోలుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. సరుకు సరిగా తూగాలని కోరడంతో మొదలైన హక్కు, తక్కువ తూగితే నష్టపరిహారం రాబట్టుకునే హక్కుగా ఎదగడమే ఈ చరిత్ర సారం.