తల మీది గుడ్డ, గేటు దగ్గర హుకుం

"అన్నా, బాబాసాహెబే పర్దాని తప్పుపట్టారు కదా. మరి హిజాబ్ పిల్లల పక్కన మనమెందుకు నిలబడాలి?" అని టెక్కలి తమ్ముడొకడు అడిగాడు. దాటెయ్యాల్సిన ప్రశ్న కాదు.

తప్పుపట్టారు, నిజమే. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో బురఖా గురించి కటువుగానే రాశారు. అయితే ఎందుకు? పర్దా ఆడవాళ్లని నాలుగు గోడల మధ్య పెట్టి, ఆరోగ్యాన్నీ మనసు ఎదుగుదలనీ తినేస్తోందని.

ఇప్పుడు ఉడుపి చూడండి. 2021 చివర్లో అక్కడి ప్రభుత్వ కాలేజీలో ఆ పిల్లలు తలకి గుడ్డ చుట్టుకుని క్లాసుకే వచ్చారు. ముఖం కూడా కప్పుకోలేదు. ఇంటికి పంపింది కాలేజీ! 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో దారి పట్టారు. హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించారు. అది ఆ పిల్ల ఇష్టం, ముందు ఆమె చదువు చూడాలన్నారు సుధాంశు ధూలియా. బాబాసాహెబ్ వాదనకి ఎవరు దగ్గరో మీరే చెప్పండి.

ఈ రెండు తీర్పుల మధ్యే, సెప్టెంబరు 16న, ఇరాన్‌లో మహ్సా అమీనీ చనిపోయింది. హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన అమ్మాయి. అదే ఇరాన్‌లో 1936లో రెజా షా హిజాబ్‌ని నిషేధిస్తే పోలీసులు వీధుల్లో లాగేశారు. తియ్యమన్నా వెయ్యమన్నా లాఠీ మగాడిదే.

మనకిది కొత్తా? తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకోడానికి దశాబ్దాలు కొట్లాడాలి. 1859లో రాజు ఒప్పుకున్నా, పై కులాల పద్ధతిలో కప్పుకోకూడదని మెలిక పెట్టాడు. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో, అంటరానివాళ్లని గుర్తుపట్టే కట్టు వదిలి నిండుగా చీర కట్టమన్నారు. కట్టారు. ఊళ్ల మీద పెత్తనం చేసేవాళ్ల కడుపు మండింది ఆ గుడ్డ చూసే.

పలాసలో జీడిపిక్కల పనికెళ్లే అమ్మలు ఎండకి కొంగు నెత్తిన వేసుకుంటారు. అది ఏ మతమని ఎవడూ అడగడు. కూలికి అడ్డురాని గుడ్డ చదువుకే అడ్డొచ్చిందట!

ఇంట్లో బలవంతం ఉండదా అంటారు. ఉంటుంది. దాని మీద మాట్లాడాల్సిన వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. షాజహానా తన కవితా సంపుటికి 'నఖాబ్' అనే పేరు పెట్టారు. చదవండి. వాళ్ల గొంతు మనం లాక్కోనక్కర్లేదు. క్లాసులో వాళ్ల బెంచీ ఖాళీ కాకుండా చూస్తే చాలు.

శ్రీకాకుళం జామియా మసీదు, గోల్కొండ ఫౌజుదార్ల కథ వచ్చే భాగంలో. జై భీమ్.