పెద్ద పుట్టుమచ్చలు: చర్మ క్యాన్సర్ ముప్పు ఎంత? ఎప్పుడు అప్రమత్తం కావాలి?

చర్మంపై కనిపించే నల్లని మచ్చలన్నింటికీ తెలుగులో ‘పుట్టుమచ్చ’ అనే పేరే స్థిరపడింది. పదో తరగతి ధ్రువపత్రంలో గుర్తింపు చిహ్నంగా నమోదయ్యే చిన్న మచ్చనూ, శిశువు వీపంతా పరచుకొని ఉండే పెద్ద మచ్చనూ ఇదే మాటతో పిలుస్తారు. వైద్యశాస్త్రం దృష్టిలో మాత్రం ఈ రెండూ వేర్వేరు. చిన్న మచ్చల్లో అత్యధికం పుట్టిన తరువాత, బాల్య యౌవనాల్లో ఏర్పడేవే. నిజంగా పుట్టుకతో వచ్చే మచ్చలు సుమారు 100 మంది శిశువుల్లో ఒకరికి ఉంటాయి. వాటిలోనూ అతి పెద్దవి దాదాపు 20 వేల జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. చర్మ క్యాన్సర్‌ గురించి వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరించేది ఈ అరుదైన మచ్చల విషయంలోనే.

ఏది పెద్ద మచ్చ?

బిడ్డతో పాటు మచ్చ కూడా పెరుగుతుంది. అందువల్ల యుక్తవయసు నాటికి అది ఎంత వెడల్పు కాగలదన్న అంచనాను బట్టి దాని పరిమాణాన్ని నిర్ణయిస్తారు. 20 సెంటీమీటర్లు దాటగలదని భావిస్తే పెద్ద మచ్చగా, 40 సెంటీమీటర్లు దాటగలిగితే అతి పెద్ద మచ్చగా పరిగణిస్తారు. వీపు, ఛాతీ భాగాల్లోని మచ్చ సుమారు మూడింతలు పెరుగుతుంది కనుక, నవజాత శిశువు వీపుపై 7 సెంటీమీటర్ల మచ్చ ఉన్నా అది పెద్ద మచ్చల కోవలోకే వస్తుంది. ఇటువంటి మచ్చలపై తరచుగా దట్టమైన రోమాలు ఉంటాయి. శరీరంలో ఇతర చోట్ల చిన్న మచ్చలు కూడా ఉండవచ్చు.

భారతీయ శిశువుల పిరుదులపై, నడుముపై సాధారణంగా కనిపించే నీలిరంగు మచ్చలు ఈ కోవకు చెందవు. అవి హానిచేయవు, చాలావరకు కొన్నేళ్లలో వాటంతట అవే మాసిపోతాయి.

కారణం ఏమిటి?

చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. పిండం ఏర్పడిన తొలి వారాల్లో ఈ కణాలకు మూలమైన ఒక కణంలో, చాలావరకు ఎన్‌ఆర్‌ఏఎస్ అనే జన్యువులో, మార్పు చోటుచేసుకుంటుంది. దాని నుంచి పుట్టిన కణాలన్నీ ఒకచోట గుమికూడి మచ్చగా మారతాయి. ఈ మార్పు సాధారణంగా వంశపారంపర్యంగా సంక్రమించేది కాదు. గ్రహణం వేళ గర్భిణి చేసిన పని వల్ల మచ్చ పడిందన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఇందులో తల్లి దోషమేమీ లేదు.

ముప్పు ఎంత?

పుట్టుకతో వచ్చిన చిన్న, మధ్యస్థ మచ్చలు మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌గా మారే అవకాశం జీవితకాలంలో ఒక శాతం కన్నా తక్కువ. పెద్ద మచ్చల్లో అది సుమారు 2 నుంచి 5 శాతం. 40 సెంటీమీటర్లు దాటి, చుట్టూ అనేక చిన్న మచ్చలు కూడా ఉన్నవారిలో ముప్పు ఇంకా ఎక్కువ. అంటే పెద్ద మచ్చ ఉన్నవారిలోనూ అత్యధికులకు క్యాన్సర్ రాదు. అయితే వచ్చినవారిలో చాలామందికి అది బాల్యంలోనే బయటపడుతుంది. కనుక తొలి ఏళ్లలో పరిశీలన కీలకం.

కొందరు శిశువుల్లో ఇవే కణాలు మెదడు, వెన్నుపాము పొరల్లోనూ ఉంటాయి. మూర్ఛలు, తరచూ వాంతులు, తల అసాధారణంగా పెరగడం వంటివి కనిపిస్తే తక్షణం వైద్యులను సంప్రదించాలి. మచ్చలు ఎక్కువగా ఉన్న శిశువులకు ఆరు నెలల లోపు ఎమ్మారై పరీక్ష చేయించమని వైద్యులు సూచిస్తుంటారు.

చూడటమే కాదు, తాకి చూడాలి

పెద్ద మచ్చల్లో క్యాన్సర్ చర్మం లోపలి పొరల్లో మొదలు కావచ్చు. పైకి రంగు మారకపోయినా లోపల గట్టి గడ్డ తగలవచ్చు. కాబట్టి స్నానం చేయించేటప్పుడు మచ్చనంతా వేళ్లతో తడిమి చూడటం మంచి అలవాటు. ఈ మార్పులను నిర్లక్ష్యం చేయరాదు:

• కొత్తగా ఏర్పడిన లేదా వేగంగా పెరుగుతున్న గడ్డ
• మానని పుండు, రక్తస్రావం
• ఒకే భాగంలో రంగు లేదా అంచు మారడం
• విడవని నొప్పి, దురద
• చంకలు, గజ్జలు, మెడ వద్ద బిళ్లలు కట్టడం

శిశువుల మచ్చల్లో ఏర్పడే గడ్డల్లో అనేకం హానిలేనివే. ఆ సంగతిని బయాప్సీ ద్వారా నిపుణులే నిర్ధారించాలి.

తొలగిస్తే ముప్పు తప్పుతుందా?

శస్త్రచికిత్సతో ముప్పు పూర్తిగా తొలగిపోతుందని చెప్పలేం. కణాలు లోతుగా విస్తరించి ఉండటం వల్ల అన్నింటినీ తీసివేయడం చాలాసార్లు సాధ్యం కాదు. లేజర్ చికిత్స పైరంగును తగ్గిస్తుందే కానీ లోపలి కణాలను నిర్మూలించదు. అందుచేత ముందుజాగ్రత్తగా అందరికీ శస్త్రచికిత్స చేయాలన్న పాత అభిప్రాయం క్రమంగా మారింది. మచ్చ ఉన్న చోటు, రూపం, బిడ్డ మానసిక స్థితి వంటివి పరిశీలించి నిర్ణయం తీసుకుంటారు. ఇంట్లో సున్నం, ఆమ్లాలు పూసి మచ్చను కాల్చే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

ఎండ నుంచి రక్షణ, పక్కన కొలబద్ద ఉంచి కొన్ని నెలలకొకసారి తీసిన ఫొటోలు, చర్మవ్యాధి నిపుణుల వద్ద క్రమం తప్పని తనిఖీ జీవితాంతం కొనసాగాలి. మచ్చను తొలగించిన తరువాత కూడా ఈ జాగ్రత్తలు మానకూడదు.