అమెరికాలో చేతితుపాకుల ప్రైవేటు విక్రయం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో లైసెన్సు కలిగిన వ్యాపారి ప్రమేయం లేకుండా ఒక వ్యక్తి తన సొంత పిస్తోలును గాని, రివాల్వరును గాని మరొక వ్యక్తికి అమ్మడాన్ని ప్రైవేటు విక్రయం అంటారు. కొన్న తుపాకీతో గాని, అద్దె తుపాకీతో గాని గురిచూసి కాల్చడం సాధన చేసే స్థలాన్ని షూటింగ్ రేంజి అంటారు. తుపాకీ చేతబట్టే అర్హత ఎవరికి ఉన్నదనే సమాఖ్య నియమాలు ఈ రెండింటికీ వర్తిస్తాయి.

చట్టం

తుపాకుల వ్యాపారం చేసేవారు సమాఖ్య లైసెన్సు పొందవలెనని 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం నిర్దేశిస్తున్నది. 1993 నాటి బ్రాడీ చట్టం ప్రకారం వ్యాపారి కొనుగోలుదారు పూర్వచరిత్రను తనిఖీ చేయించాలి. 1998 నవంబరు నుండి ఈ తనిఖీ ఎఫ్.బి.ఐ. కంప్యూటరు వ్యవస్థ ద్వారా జరుగుతున్నది. తన తుపాకీని ఎప్పుడో ఒకసారి అమ్ముకునే సామాన్యునికి ఈ బాధ్యతను సమాఖ్య చట్టం విధించలేదు. అయినా అతనికి పూర్తి స్వేచ్ఛ లేదు. వేరే రాష్ట్ర నివాసికి నేరుగా అమ్మరాదు. 18 సంవత్సరాలు నిండనివారికి చేతితుపాకీ అమ్మరాదు. కొనేవాడు అనర్హుడని తెలిసినా, అలా అనుమానించడానికి తగిన కారణమున్నా అమ్మరాదు.

నేరస్థలంలో తుపాకీ దొరికినప్పుడు అధికారులు క్రమసంఖ్యను బట్టి తయారీదారు నుండి దుకాణానికి, అక్కడి నుండి మొదటి కొనుగోలుదారుకు చేరుకుంటారు. ఆ తరువాత ప్రైవేటుగా చేతులు మారి ఉంటే పలు రాష్ట్రాలలో ఆధారమేదీ మిగలదు. అందుచేత జాగ్రత్తపరులైన అమ్మకందారులు కొనుగోలుదారు గుర్తింపు కార్డు చూసి, క్రమసంఖ్యతో రసీదు వ్రాయించుకొంటారు.

కొలంబైన్ ఉదంతం

1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పులలో ఆ రోజు 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు మరణించారు. వాడిన 4 తుపాకులలో పిస్తోలును వారు ఒక యువకుని వద్ద నేరుగా కొన్నారు. మైనర్లకు అమ్మిన నేరానికి అతనికి 6 సంవత్సరాల శిక్ష పడింది. మిగిలిన మూడింటిని 18 ఏళ్ళ స్నేహితురాలు తుపాకుల ప్రదర్శనలో తనిఖీ లేకుండానే కొని ఇచ్చింది. 2000లో కొలరాడో ఓటర్లు ప్రదర్శనలలోని అమ్మకాలకు తనిఖీని తప్పనిసరి చేశారు. 2013లో కొద్ది మినహాయింపులతో అన్ని ప్రైవేటు అమ్మకాలకూ దీనిని విస్తరించారు. కాలిఫోర్నియాలో 1991 నుండే ఇటువంటి అమ్మకాలు వ్యాపారి ద్వారా జరగాలి. టెక్సాస్‌లో అటువంటి రాష్ట్ర నియమం లేదు.

షూటింగ్ రేంజీలు

రేంజికి వచ్చినవారు సాధారణంగా గుర్తింపు కార్డు చూపి, ప్రమాద బాధ్యత తమదేనని సంతకం చేస్తారు. కళ్ళజోడు, చెవులకు రక్షణ తప్పనిసరి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్లే భావించడం, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచడం, కాల్చే క్షణం వరకు మీటపై వేలు పెట్టకపోవడం ప్రధాన నియమాలు. పర్యవేక్షకుడు "సీజ్ ఫైర్" అనగానే అందరూ కాల్పులు ఆపాలి. తుపాకులు, తూటాలపై 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం క్రింద వసూలయ్యే సుంకంలో కొంత భాగం ప్రజా రేంజీల నిర్మాణానికి వెళుతుంది.

వీసాదారులు

అమెరికాలో చదువుకొనే, ఉద్యోగం చేసే తెలుగువారికి ముఖ్యమైన విషయమిది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని 1998లో చేసిన సవరణ నిషేధించింది. ఏదైనా రాష్ట్రం జారీచేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు కలవు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. రేంజిలో కొద్దిసేపు అద్దెకు తీసుకొనడం కూడా "కలిగి ఉండడం" క్రిందికే వస్తుంది. సరదాకు వెళ్ళినవారు సాధారణంగా ఊహించని చిక్కు ఇదే.

విద్యార్థి వీసాపై వచ్చిన రెహైఫ్ అనే విదేశీయుడు, మార్కులు తక్కువై విశ్వవిద్యాలయం నుండి తొలగించబడిన తరువాత ఫ్లోరిడాలోని ఒక రేంజిలో రెండు తుపాకులు కాల్చాడు. చట్టవిరుద్ధంగా దేశంలో ఉంటూ తుపాకీ పట్టినందుకు అతనికి 18 నెలల శిక్ష విధించబడింది. నిందితునికి తన అనర్హ స్థితి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలంటూ సుప్రీంకోర్టు 2019 జూన్ 21న 7-2 ఆధిక్యంతో అతనికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఇక్కడ తెలియవలసింది తన స్థితి. చట్టంలో నిషేధం ఉన్నదని తెలియదనే వాదన సాధారణంగా చెల్లదు. ఈ నేరానికి 10 సంవత్సరాలుగా ఉన్న గరిష్ఠ శిక్షను 2022లో 15 సంవత్సరాలకు పెంచారు.