గెలాక్సీలకూ వయసుంటుందన్న బియాట్రిస్

దూరపు గెలాక్సీ ఫోటోలో ఓ తెల్లటి మసకలా కనిపిస్తుంది. ఆ వెలుగుని వర్ణపటంగా విడదీసి చూస్తే అందులో ఏయే రకాల నక్షత్రాలున్నాయో తెలుస్తుంది. బరువైన నీలి నక్షత్రాలు తొందరగా కాలిపోతాయి. చిన్న ఎర్ర నక్షత్రాలు నిదానంగా వెలుగుతూ మిగిలిపోతాయి. అంటే గెలాక్సీ గడిపిన కాలం కూడా ఆ వర్ణపటంలో రాసివుంటుంది. ఇవాళ ఇది పాఠ్యపుస్తకాల్లో విషయం. 1960లలో దీన్ని పట్టుకుని ఉద్దండులతో వాదించినామె బియాట్రిస్ టిన్స్‌లీ.

1941లో ఇంగ్లండులో పుట్టి, న్యూజిలాండులో పెరిగి, 1963లో భర్త ఉద్యోగం వెంట అమెరికాలోని డల్లాస్ చేరింది. అక్కణ్ణించి మూడొందల కిలోమీటర్ల దూరంలోని ఆస్టిన్‌కి తిరుగుతూ 1966 కల్లా డాక్టరేట్ పూర్తిచేసింది.

అప్పట్లో అలన్ శాండేజ్ వంటివారు పెద్ద పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలను దూరాలు కొలిచే దీపాల్లా వాడేవారు. వాటి వెలుగు పెద్దగా మారదన్న నమ్మకంతో విశ్వ వ్యాకోచం ఎంత మందగిస్తోందో లెక్కకట్టేవారు. లోపల నక్షత్రాలు చచ్చిపోతుంటే గెలాక్సీ వెలుగు మారకుండా ఎలా వుంటుంది? టిన్స్‌లీ అడిగి ఊరుకోలేదు. నక్షత్రాల పుట్టుక, రంగు, ఆయుష్షు అన్నీ కంప్యూటరుకెక్కించి, కాలం గడిచేకొద్దీ ఆ వెలుగెలా తగ్గుతుందో చూపించింది. దూరపు గెలాక్సీని మనం దాని యవ్వనంలో చూస్తున్నాం. అప్పుడది మరింత ప్రకాశవంతం. ఆ సంగతి మరిస్తే దూరం తక్కువని పొరబడతాం. అంతా తిరిగి ముడుచుకుపోతుందన్న లెక్క అక్కడే తడబడింది. 1974లో మరో ముగ్గురితో కలిసి ఆమె, విశ్వం ఎప్పటికీ వ్యాకోచిస్తూనే వుంటుందని వాదించింది.

అదే ఏడు విడాకులు. 1975లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్తూ, దత్తత తీసుకున్న ఇద్దరు పిల్లల్నీ తండ్రి దగ్గర వదిలింది. ఆమె గురించి ఎక్కడ చదివినా ఈ మాట తప్పక కనబడుతుంది. ఉద్యోగం కోసం పిల్లల్ని తల్లి దగ్గర వదిలివెళ్ళిన మగ శాస్త్రజ్ఞుల జీవితకథల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు చదివాం? ఆ నిర్ణయం ఆమెకు తేలికయిందని నేననుకోను. అయినా ఆ పనికి ఆమె ఇంకెక్కడికి పోగలిగేది?

1978లో యేల్ ఖగోళశాస్త్రంలో తొలి మహిళా ప్రొఫెసరయింది. ఆ ఏడాదే చర్మ కాన్సర్ బయటపడింది. తర్వాత అది మెదడుకి పాకింది. కుడిచెయ్యి పనిచెయ్యకపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, తన చివరి వ్యాసాన్ని పత్రికకు పంపింది. 1981 మార్చి 23న చనిపోయింది. అప్పటికి నలభయ్యేళ్ళు.