మూడు, మూడు, ఒకటి: ఓ సెమీఫైనల్ కథ

డాన్సు గురించి నాకు తెలిసింది సున్నా. వాల్ట్‌జ్‌కీ ఫాక్స్‌ట్రాట్‌కీ తేడా ఏమిటంటే ఇప్పటికీ నీళ్ళు నములుతాను. అయినా టీవీ డాన్సు పోటీల చరిత్రలో ఒక్క ఎపిసోడు మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. 2008 డిసెంబరు 13, శనివారం. బీబీసీ వారి ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ ఆరో సిరీస్ సెమీఫైనల్. గుర్తుండిపోవడానికి కారణం డాన్సు కాదు లెండి, కూడికలు :)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బీబీసీలో ‘కమ్ డాన్సింగ్’ అని బాల్‌రూమ్ పోటీల ప్రోగ్రాము ఒకటి దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. ఆ పేరుకి 1992లో వచ్చిన ‘స్ట్రిక్ట్‌లీ బాల్‌రూమ్’ సినిమా పేరులో సగం అతికించి, మామూలు డాన్సర్ల బదులు పేరున్నవాళ్ళని దింపి, 2004లో కొత్త షో మొదలెట్టారు. ఒక సెలెబ్రిటీ, ఒక ప్రొఫెషనల్ డాన్సరు కలిస్తే జంట. నలుగురు జడ్జీలు తలా పది మార్కుల్లోంచి వేస్తారు, జనం అప్పట్లో ఫోన్లు చేసి ఓట్లు వేసేవారు. అదే అమెరికా వెళ్ళి ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’ అయింది. 2006లో మన దేశానికొచ్చి ‘ఝలక్ దిఖ్లా జా’ అయింది.

ఇక 2008 సంగతి. ఆ ఏడాది పదహారు జంటలతో మొదలైంది. జాన్ సార్జెంట్ అని బీబీసీకి ఒకప్పటి చీఫ్ పొలిటికల్ కరస్పాండెంట్ ఉన్నాడు. అరవై దాటిన మనిషి. డాన్సు రాదు, వచ్చని ఆయనా అనుకోలేదు. జడ్జీలు వారం వారం ఉతికి ఆరేస్తుంటే జనం మాత్రం వారం వారం గట్టెక్కించారు. చివరికి నవంబరులో, తానే గెలిచేలా ఉన్నానని భయపడి ఆయనే తప్పుకున్నాడు. ‘ఓటు మాదా, మార్కులు మీవా?’ అన్న గొడవ అప్పటికే రాజుకుని ఉందన్నమాట. దానికి తోడు, ఫోన్ పోటీల్లో జరిగిన మోసాలకి అదే ఏడాది జులైలో ఆఫ్‌కామ్ బీబీసీకి 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ఆ పరిస్థితుల్లో వచ్చింది సెమీఫైనల్. మిగిలింది మూడు జంటలు: నటుడు టామ్ చేంబర్స్ - కమిల్లా డాలెరప్, మోడల్ లిసా స్నోడన్ - బ్రెండన్ కోల్, గాయని రేచల్ స్టీవెన్స్ - విన్సెంట్ సిమోన్. రూలు ఇదీ: జడ్జీల మార్కుల వరసని బట్టి 3, 2, 1 పాయింట్లు. జనం ఓట్ల వరసని బట్టి మళ్ళీ 3, 2, 1. రెండూ కూడతారు. మొత్తాలు సమానమైతే జనం ఓటుదే పైచెయ్యి. పైనున్న జంట ఫైనల్‌కి, కింది రెండు జంటలూ మళ్ళీ పోటీపడి డాన్సు చెయ్యాలి. అందులో ఎవరుండాలో జడ్జీలే తేలుస్తారు.

ఆ రాత్రి లిసా, రేచల్ ఇద్దరికీ జడ్జీల మార్కులు సరిసమానంగా వచ్చాయి. ఇద్దరికీ చెరి 3, టామ్‌కి 1. ఇప్పుడు కాగితం తీసుకుని లెక్కెయ్యండి. జనం టామ్‌ని నెత్తిన పెట్టుకున్నారనుకుందాం, అతనికి ఇంకో 3. మొత్తం 4. ఆడవాళ్ళిద్దరిలో జనం ఓట్లలో రెండో స్థానం వచ్చినావిడకి 3+2=5. అయిపోయింది! దేశం మొత్తం టామ్‌కే ఫోన్ చేసినా అతను కింది రెండు జంటల్లోకి రావాల్సిందే. అంటే టామ్‌ని కాపాడాలని డబ్బు పెట్టి ఫోన్ చేసినవాళ్ళ ఓటుకి విలువ లేదు. లైన్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

టై వల్లనే ఈ తిప్పలని అందరూ అన్నారు. నేను టై లేకుండా కూడా వేసి చూశాను. 3, 2, 1 అని వచ్చినా ఆఖరి జంటకి ఉన్నది ఒకే ఒక్క దారి. జనం ఓట్లలో తాము మొదటి స్థానంలో ఉండాలి, పైగా జడ్జీల్లో మొదటివాళ్ళు జనంలో ఆఖరుకి పోవాలి. అప్పుడు ముగ్గురికీ తలా 4 వచ్చి, జనం ఓటుతో బయటపడతారు. అంటే తలుపు ముందే ఓరగా తెరిచి ఉంది, టై వచ్చి దాన్ని మూసేసింది. అంతే.

బీబీసీ ఏం చేసింది? ఎవర్నీ పంపలేదు. ముగ్గుర్నీ ఫైనల్‌కి తీసుకెళ్ళి, ఆ ఓట్లని కూడా ఫైనల్‌కి కలిపేస్తామంది. వారం తిరిగేసరికి, డిసెంబరు 20న, కప్పు ఎవరు కొట్టారనుకున్నారు? టామ్ చేంబర్స్! రేచల్ రెండోస్థానం, లిసా మూడు.

ఇక్కడే నాకు మనసు రెండుగా చీలుతుంది. డబ్బు తీసుకుని లెక్కలోకి రాని ఓటు వేయించుకోవడం తప్పు. ఆ తప్పు మీద ఫలితం చెప్పకపోవడం మంచి పనే. కానీ లిసా, రేచల్ చేసిన పాపమేమిటి? ఆ రాత్రి ఇద్దరూ బాగా చేశారు. ఆ బాగా చెయ్యడమే రూలుని విరగ్గొట్టి, మూడో మనిషిని ఫైనల్‌కి చేర్చింది. రూలు ప్రకారమే జరిగుంటే టామ్ ఆ రాత్రే ఇంటికెళ్ళేవాడేమో, చెప్పలేం. మరోపక్క, ఫైనల్‌లో అతన్ని గెలిపించిందీ జనమే. ఎవరిది అన్యాయమో నాకైతే తేలలేదు.

తేలిందల్లా ఒకటే. ఇది ముందే ఆలోచించాల్సిన కేసు. మూడు జంటలు, పైన టై. టెస్టింగ్‌లో మేము మొదట రాసుకునేదే అది. టై తర్వాతి జంటకి ఒకటికి బదులు రెండిచ్చి ఉంటే (3, 3, 2) సరిపోయేది. జనం ఓట్లలో మొదట నిలిస్తే టామ్‌కి 5, రెండోవాళ్ళకీ 5, సమానమైతే జనం మాటే చెల్లుతుంది కాబట్టి అతను బయటపడేవాడు.

తమాషా ఏమిటంటే, అసలు సిసలు బాల్‌రూమ్ పోటీలవాళ్ళు ఈ చిక్కుని ఎప్పుడో 1930లలోనే పట్టించుకున్నారు. ‘స్కేటింగ్ సిస్టమ్’ అని వాళ్ళకో పద్ధతి ఉంది. మొత్తం పదకొండు రూళ్ళు, అందులో కొన్ని సమానంగా వస్తే ఏం చెయ్యాలనే. మెజారిటీ సమానమైతే ఇది చూడు, అదీ సమానమైతే అది చూడు అని మెట్లుమెట్లుగా రాసుకున్నారు. టీవీవాళ్ళు ఆ డాన్సు తెచ్చుకున్నారు, బట్టలూ తళుకులూ తెచ్చుకున్నారు, చాదస్తంగా కనిపించే ఆ రూళ్ళని మాత్రం గుమ్మం బయటే వదిలేశారు.

జనం ఓటు అడిగేముందు ఆ ఓటు ఏం మార్చగలదో ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. డాన్సు పోటీకే ఇంత గొడవైతే, పెద్ద విషయాల్లో ఓట్లు లెక్కపెట్టే పద్ధతుల గురించి మనం ఎంత తక్కువ అడుగుతున్నామో కదా. ఏమంటారు?